ఇంటిపేరు మాటగా మారేదెప్పుడు?

ప్రశ్న: 'జెర్రీమాండర్' ఒక నాయకుడి ఇంటిపేరు నుంచి పుట్టిందని చదివాను. మనిషి పేరు ఇంగ్లీషులో క్రియ ఎలా అయింది?

జవాబు: ఆ నాయకుడు మసాచుసెట్స్ గవర్నర్ ఎల్‌బ్రిడ్జ్ గెర్రీ. తన పార్టీకి లాభించేలా రాష్ట్ర సెనేట్ నియోజకవర్గాల హద్దులు మార్చిన చట్టం మీద 1812 ఫిబ్రవరిలో సంతకం పెట్టాడు. ఎసెక్స్ కౌంటీలోని ఒక నియోజకవర్గం మ్యాపులో మెలికలు తిరిగిన జంతువులా కనిపించింది. మార్చి 26న బోస్టన్ గెజిట్ దానికి రెక్కలూ గోళ్లూ తగిలించి బొమ్మ అచ్చేసింది. బల్లిలా ఉండే 'శాలమాండర్' పేరులో ముందు భాగం తీసేసి, అక్కడ గెర్రీని అతికించారు.

పార్టీలు హద్దులు తమకు నచ్చినట్టు గీసుకోవడం అప్పటికి కొత్త కాదు. దాన్ని ఒక్క ముక్కలో చెప్పే మాటే లేదు. ఆ ఖాళీ లేకపోయి ఉంటే బొమ్మ నాలుగు రోజులు నవ్వించి మరుగున పడేది. ఇంగ్లీషులో నామవాచకాన్ని క్రియగా వాడటానికి ప్రత్యయం అక్కర్లేదు కాబట్టి, పని పేరు కాస్తా పని చేయడమైంది. ఉచ్చారణ చూడండి: ఆయన పేరు 'గె'తో మొదలవుతుంది, మాటను ఇప్పుడు దాదాపు అందరూ 'జె'తోనే పలుకుతారు. మాట మనిషిని వదిలి ఎంత దూరం వచ్చిందో ఆ ఒక్క అక్షరం చెబుతుంది.

ప్రశ్న: థాచరిజం, థాచరైట్, చర్చిలియన్, రీగనామిక్స్. ఏ పేరుకు ఏ తోక తగిలించాలి?

జవాబు: 'ఇజం' సిద్ధాంతానికీ పాలనా పద్ధతికీ. 'ఐట్' అనుచరుడికి; ఇది తరచు ఎదుటి పక్షం నోట పుడుతుంది కాబట్టి కొంచెం ఎత్తిపొడుపు ఉంటుంది, అందుకని తటస్థంగా రాసేటప్పుడు చూసి వాడండి. 'ఇయన్'లో ఆ చురక తక్కువ. చర్చిలియన్ అంటే ఆయన ప్రసంగాల్లోని గాంభీర్యం గుర్తొస్తుంది. 'ఎస్క్' తీరును పోల్చడానికి: లింకనెస్క్. 'నామిక్స్' మాత్రం ఏ పేరుకు పడితే ఆ పేరుకు అతకదు. నిక్సన్, రీగన్, క్లింటన్ అన్నీ 'న్'తో ముగుస్తాయి. ఆ 'న్', ఎకనామిక్స్‌లోని 'న' ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. వేరే హల్లుతో ముగిసే పేరుకు తగిలిస్తే అతుకు కనబడుతూనే ఉంటుంది.

ప్రశ్న: 'క్విజ్లింగ్'ను చిన్న అక్షరంతో, 'మెకార్థీయిజం'ను పెద్ద అక్షరంతో రాస్తారు. ఎందుకు?

జవాబు: మనిషిని తలుచుకోకుండానే అర్థం తెలిసిపోతే పెద్ద అక్షరం రాలిపోతుంది. 1940 ఏప్రిల్ 9న జర్మనీ నార్వే మీద దాడి చేసిన రోజే అక్కడి నాజీ అనుకూల నాయకుడు విడ్కున్ క్విజ్లింగ్ రేడియోలో తనను తాను ప్రభుత్వాధినేతగా ప్రకటించుకున్నాడు. పది రోజులకే లండన్ టైమ్స్ ఆ పేరును బహువచనంలో, దేశద్రోహులనే అర్థంలో వాడింది. ఒకే ఒక్క మనిషి పేరుకు బహువచనం వచ్చిందంటే అది సగం మాట అయిపోయినట్టే. ధ్వని కూడా కలిసొచ్చింది: అండర్‌లింగ్, హైర్‌లింగ్, వీక్‌లింగ్ మాటల్లోని 'లింగ్' ఇంగ్లీషు చెవికి ముందే చులకనగా వినిపిస్తుంది.

అమెరికా సెనేటర్ జోసెఫ్ మెకార్థీ 1950 ఫిబ్రవరిలో వీలింగ్ ఊళ్లో, ప్రభుత్వంలో కమ్యూనిస్టులున్నారంటూ చేసిన ప్రసంగంతో పేరుకెక్కాడు. మార్చి నెలాఖరుకే వాషింగ్టన్ పోస్ట్ కార్టూన్‌లో 'మెకార్థీయిజం' కనిపించింది. ఆయనే ఆ మాటను గొప్పగా చెప్పుకోబోయాడు గానీ, రుజువు లేని ఆరోపణలతో వేటాడటం అన్న అర్థమే నిలిచింది. 'ఇజం' చేరిన పేరు ఆ మనిషినీ ఆ కాలాన్నీ గుర్తు చేస్తూనే ఉంటుంది, అందుకే పెద్ద అక్షరం పోలేదు.

ఇలాంటి మాటలు అనువదించేవాళ్లు తరచు తప్పు చేసేది 'బోర్క్' దగ్గర. 1987 అక్టోబర్ 23న అమెరికా సెనేట్ 58-42 ఓట్లతో తిరస్కరించిన సుప్రీంకోర్టు అభ్యర్థి రాబర్ట్ బోర్క్. ఆయన నాయకుడు కాదు, జడ్జి. ఎవరి నామినేషన్ మీదైనా ఒక పద్ధతి ప్రకారం దాడి చేసి అడ్డుకోవడం 'బోర్క్' అనే క్రియకు అర్థం. పనిని చేసినవాడి పేరు కాదు, దానికి గురైనవాడి పేరు క్రియగా మారింది. కాబట్టి 'బోర్క్ చేయడం' అంటే బోర్క్‌లా ప్రవర్తించడం కాదు, బోర్క్‌కు జరిగినట్టు ఇంకొకరికి చేయడం. కంప్యూటర్ల సందర్భంలో 'బోర్క్‌డ్' కనబడితే మాత్రం 'చెడిపోయింది' అని రాయండి, అక్కడ సెనేట్ ప్రసక్తి లేదు.