ఉద్యోగంలోంచి తీసేసినప్పుడు గేటు దాకా సెక్యూరిటీ ఎందుకు వస్తారు? అలా పంపించవచ్చా?

పంపించవచ్చు, కానీ సెక్యూరిటీ పని పక్కన నడవడం వరకే. ఒంటిమీద చెయ్యి వేయకూడదు. సంతకం పెట్టేదాకా గది దాటనివ్వకపోతే అది అక్రమ నిర్బంధం, భారతీయ న్యాయ సంహిత 127వ సెక్షన్ కింద నేరం.

హైదరాబాద్ ఐటీ ఆఫీసుల్లో హెచ్ఆర్, మేనేజర్, ఐటీ విభాగం ముందే ఒక సమయం అనుకుంటారు. మనిషి మీటింగ్ గదిలోకి వెళ్లగానే మెయిల్, వీపీఎన్ (బయటి నుంచి ఆఫీసు నెట్‌వర్క్‌లోకి వెళ్లే దారి) ఆగిపోవాలి. ముందే ఆపితే సీటు దగ్గరే విషయం బయటపడుతుంది. ఆలస్యమైతే ఫైళ్లు బయటికి పోతాయన్న భయం. గేటు దాకా సెక్యూరిటీ వచ్చేదీ ఈ భయంతోనే. తర్వాత ల్యాప్‌టాప్, యాక్సెస్ కార్డు తీసుకుంటారు. వాటికి రసీదు అడిగి తీసుకోండి, చాలామంది ఇక్కడే మర్చిపోతారు. ఏ అనుమానమూ లేని మనిషిని అందరి ముందు నుంచి గార్డుతో నడిపించడం మాత్రం అనవసరపు అవమానం.

అసలు చిక్కు రాజీనామా దగ్గర వస్తుంది. 'రాజీనామా మీరే రాసివ్వండి, రిలీవింగ్ లెటర్ (ఉద్యోగం వదిలినట్టు కంపెనీ ఇచ్చే పత్రం) బాగుంటుంది' అంటారు. రాసిస్తే, తర్వాత 'నన్ను తీసేశారు' అని నిరూపించడం కష్టం. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఉన్న 1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టం 47వ సెక్షన్ ప్రకారం ఆరు నెలలు పనిచేసినవారిని తీయాలంటే సరైన కారణంతో పాటు నెల నోటీసో, నెల జీతమో ఇవ్వాలి. ఏడాది నిండితే, చేసిన ప్రతి ఏడాదికీ 15 రోజుల సగటు వేతనం అదనం. దుష్ప్రవర్తన విచారణలో రుజువైతే నోటీసు అక్కర్లేదు, విచారణ మాత్రం జరగాలి.

వాళ్లు తొలగింపు కాగితం ఇస్తే దాని మీద 'అందింది, అంగీకారం కాదు' అని రాసి, తేదీ వేసి సంతకం చేయండి.