ఊడిన పన్ను ఎవరికివ్వాలి?

పాలపళ్ళ గురించి ఇన్ని ఉత్తరాలు వస్తాయని అనుకోలేదు. కొన్ని సరదా ప్రశ్నలు, కొన్ని నిజంగా భయపడి రాసినవి. ఒకేలాంటివాటిని కలిపి జవాబులిస్తున్నాను.

ప్ర: మా పాపకు ఆరేళ్ళు. కింద ముందు పన్ను ఊగుతోంది. దిండు కింద పెడితే టూత్ ఫెయిరీ వచ్చి డబ్బులు పెడుతుందని తోటి పిల్లలు చెప్పారట. పన్ను ఊడకముందే ఆ డబ్బుతో ఏం కొనాలో లెక్కలు వేసేస్తోంది. ఇంతకీ ఈ ఫెయిరీ ఎక్కడిదండీ? ఏదైనా పాత పురాణమా?

జ: పురాణం కాదు, గిరాణం కాదు. అమెరికాలో పుట్టింది, వయసు కూడా పెద్దగా లేదు. అచ్చులో దొరికిన మొదటి ప్రస్తావన 1908 సెప్టెంబరులో చికాగో డైలీ ట్రిబ్యూన్ పత్రిక ఇంటి చిట్కాల శీర్షికలో వచ్చింది. ఊగుతున్న పన్ను తీయించుకోనని మొండికేసే పిల్లలకు టూత్ ఫెయిరీ కథ చెప్పండి, పన్ను దిండు కింద పెట్టుకుని పడుకుంటే రాత్రి వచ్చి పట్టుకుపోయి చిన్న బహుమతి వదిలి వెళ్తుందనండి, అమ్మలు ముందుగానే ఐదు సెంట్ల కౌంటరుకు వెళ్ళి కొన్ని వస్తువులు కొని దాచుకుంటే మంచిది అని ఆ చిట్కా సారాంశం. చూశారా, అమ్మలు చాటుగా షాపింగ్ చేయాలన్న సంగతి కూడా అందులోనే ఉంది! 1927లో ఎస్తర్ వాట్కిన్స్ ఆర్నాల్డ్ అనే రచయిత్రి పిల్లల కోసం ఈ ఫెయిరీ మీద చిన్న నాటిక రాసింది. ఇంటింటా పాకింది మాత్రం రెండో ప్రపంచ యుద్ధం తర్వాతే.

ఫెయిరీ కంటే ముందు నుంచీ ఈ ఉద్యోగం చేస్తున్నది ఎలుక. స్పెయిన్, ఫ్రాన్స్, లాటిన్ అమెరికా దేశాల్లో ఇప్పటికీ దిండు కిందకి వచ్చేది అదే. స్పెయిన్ ఎలుకకైతే పేరూ ఇంటి అడ్రసూ కూడా ఉన్నాయి. రాజు పదమూడో అల్ఫోన్సోకు ఎనిమిదేళ్ళప్పుడు పాలపన్ను ఊడితే, పిల్లవాణ్ణి ఊరడించడానికి లూయిస్ కొలోమా అనే క్రైస్తవ గురువు 1894లో ఒక కథ అల్లాడు. అందులో పెరెజ్ అనే ఎలుక మాడ్రిడ్‌లో అరెనాల్ వీధిలో ఒక మిఠాయి దుకాణంలో, పెద్ద బిస్కెట్ల డబ్బాలో కుటుంబంతో సహా కాపురం ఉంటుంది. ఇప్పుడు ఆ వీధిలో ఎనిమిదో నంబరు భవనం దగ్గర, పెరెజ్ ఎలుక ఇక్కడ బిస్కెట్ల డబ్బాలో నివసించేది అని నగరపాలక సంస్థ శిలాఫలకమే పెట్టించింది. సాధారణంగా కవులకూ సేనాధిపతులకూ పెట్టే ఫలకం అది.

ఇంకో మాట. శాంటా అంటే ఎర్ర కోటు, తెల్ల గడ్డం అని అందరికీ తెలుసు, ఫెయిరీకి అలాంటి స్థిరమైన రూపం ఏదీ లేదు. రోజ్‌మేరీ వెల్స్ అనే అమెరికన్ ఈ ఫెయిరీ మీద ఏళ్ళ తరబడి సమాచారం సేకరించి, 1993లో ఇల్లినాయ్ రాష్ట్రంలోని తన ఇంట్లోనే మ్యూజియం పెట్టారు. ఆవిడ పనిచేసింది దంతవైద్య కళాశాలలో, అందుకని ఆ పిచ్చి కొంత అర్థం చేసుకోవచ్చు. కాబట్టి మీ పాప రెక్కలు ఏ రంగులో ఉంటాయని అడిగితే మీ ఇష్టం వచ్చిన రంగు చెప్పేయండి, తప్పు పట్టేవాళ్ళు లేరు.

ప్ర: అన్ని జంతువులుండగా ఎలుకనే ఎందుకు పట్టుకున్నారు? ఏనుగు దంతాలు ఇంకా గొప్పవి కదా! (మా అబ్బాయి ప్రశ్న, నాకు జవాబు తెలియలేదు)

జ: మీ అబ్బాయి ప్రశ్న నాకు బాగా నచ్చింది. ఎలుక ముందు పళ్ళు బతికున్నంత కాలం పెరుగుతూనే ఉంటాయి, ఏదో ఒకటి కొరికి అరగదీసుకోకపోతే దానికే ప్రమాదం. చెక్కనీ గోడనీ కొరికేసే పళ్ళు రోజూ కళ్ళముందు కనిపిస్తుంటే, మా పిల్లలకీ అలాంటివి వస్తే బాగుండు అనుకోవడంలో వింత లేదు.

దీని వెనక ఒక పాత నమ్మకం ఉంది. మన ఒంట్లోంచి విడిపోయిన గోరైనా వెంట్రుకైనా పన్నైనా ఇంకా మనతో ముడిపడే ఉంటుంది, దానికి ఏం జరిగితే మనకూ అదే జరుగుతుంది అని. మానవశాస్త్రవేత్త జేమ్స్ ఫ్రేజర్ తన ‘ది గోల్డెన్ బౌ’ గ్రంథంలో ఇలాంటివి చాలా పోగేశాడు. పసిఫిక్ సముద్రంలోని రారొటోంగా దీవిలో పిల్లల పన్ను ఊడితే, పెద్ద ఎలుకా, చిన్న ఎలుకా, ఇదిగో నా పాత పన్ను, నాకు కొత్తది ఇవ్వు అని వేడుకుని గడ్డి కప్పు మీదకి విసిరేవారట, ఎలుకలు గూడు పెట్టేది ఆ గడ్డిలోనే కాబట్టి. జర్మనీలో అయితే నేరుగా ఎలుక కన్నంలోనే పెట్టమనేవారు.

ఈ నమ్మకం తిరగబడితే ఎలా ఉంటుందో కూడా ఫ్రేజర్ చెప్తాడు. ఇంగ్లండ్‌లోని ససెక్స్‌లో ఒక పనిమనిషి పిల్లల పళ్ళు బయట పారేయనిచ్చేది కాదట. ఏ జంతువైనా వాటిని కొరికితే కొత్త పన్ను ఆ జంతువు పన్నులా వస్తుందని ఆవిడ గట్టి నమ్మకం. సాక్ష్యంగా ఊళ్ళో ఒక ముసలాయన్ని చూపించేది. ఆయన పై దవడలో పంది కోరలాంటి పెద్ద పన్ను ఉండేది, చిన్నప్పుడు వాళ్ళమ్మ పొరపాటున ఆయన పన్ను పందుల తొట్టిలో పడేయడం వల్లే అలా అయిందని చెప్పేది. పాపం ఆ ముసలాయన్ని ఎవరైనా అడిగారో లేదో!

ఇందులో తమాషా ఏమిటంటే, ఎలుకలకు అసలు పాలపళ్ళు ఊడే ముచ్చటే లేదు. వాటికి పళ్ళు వచ్చేది ఒకే ఒక్క విడత. ఏనుగుల విషయానికొస్తే, వాటి బయటి దంతాలకు మాత్రం పాలదంతాలుంటాయి, పిల్ల ఏనుగుకు ఏడాది అటూ ఇటూగా ఊడిపోతాయి. ఆ లెక్కన పాలపళ్ళ అనుభవం ఉన్నది ఏనుగుకే. మీ అబ్బాయికి చెప్పండి, సంతోషిస్తాడు.

ప్ర: జపాన్‌లో పై పన్ను ఒక చోట, కింది పన్ను ఒక చోట వేస్తారని విన్నాను. నిజమేనా?

జ: నిజమే. కింది వరస పన్ను ఊడితే ఇంటి కప్పు మీదకి, పై వరసదైతే ఇంటి నేల కిందకి. కొత్త పన్ను పాతదాని వైపుకే తిన్నగా పెరగాలని. కింది పన్ను పైకి పెరగాలి, పైది కిందికి దిగాలి, అంతే లాజిక్. కొరియాలో కప్పు మీద విసిరి, పాత పన్ను నీకిస్తా కొత్త పన్ను నాకియ్యి అని పాడతారు, అక్కడ పుచ్చుకునేది మ్యాగ్‌పై పిట్ట. కప్పు మీదకి విసరడం గ్రీసు, వియత్నాం, చైనా, ఇండియాలతో సహా చాలా చోట్ల ఉంది. ఈజిప్టులో సూర్యుడి వైపు విసురుతారు, మంగోలియాలో కొవ్వులో పెట్టి కుక్కకు తినిపిస్తారు. పదో అంతస్తులో ఉండేవాళ్ళు కప్పు మీదకి విసరాలంటే లిఫ్ట్ ఎక్కి టెర్రస్ మీదకి పోవాలి, దిండే నయం.

ప్ర: తింటుండగా మా బాబు ఊడిన పన్ను మింగేశాడు. డాక్టరు దగ్గరికి పరిగెత్తాలా అని నాకు టెన్షన్, ఫెయిరీకి ఏం ఇవ్వాలని వాడి ఏడుపు. ఇంట్లో పెద్దవాళ్ళేమో కీడు అంటున్నారు.

జ: ముందు టెన్షన్ తగ్గించుకోండి. మింగిన పాలపన్ను రెండు మూడు రోజుల్లో దానంతటదే బయటికి పోతుంది, వెతకాల్సిన పని లేదు. దగ్గు ఆగకపోయినా, ఊపిరి తీసుకునేటప్పుడు ఈల లాంటి శబ్దం వచ్చినా మాత్రం అది ఊపిరితిత్తుల వైపు పోయిందేమో అని అనుమానించి వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. ఇక కీడు సంగతి. ఇంగ్లండ్‌లో కొన్ని చోట్ల పన్ను పోగొట్టుకుంటే చచ్చాక నెత్తుటి బకెట్‌లో వెతుక్కోవాల్సి వస్తుందని భయపెట్టేవారు, అందుకని ఉప్పు చల్లి నిప్పుల్లో వేసేవారు. అదే పన్నును కొన్ని జాతుల్లో తల్లో బిడ్డో మింగడమే ఆచారం! ఒకరికి కీడైంది ఇంకొకరికి మేలైతే ఇక భయపడడానికేముంది? బాబు చేత ఫెయిరీకి ఒక చీటీ రాయించండి, జరిగింది జరిగినట్టు. పన్ను పోగొట్టుకున్న పిల్లలు ఎప్పట్నుంచో చేస్తున్న పనే అది.

ప్ర: పాప పళ్ళన్నీ ఒక డబ్బాలో దాస్తున్నాను. మావారు అసహ్యం అంటున్నారు. భవిష్యత్తులో స్టెమ్ సెల్స్‌కి పనికొస్తాయని ఎక్కడో చదివాను.

జ: దాచుకోండి, కానీ స్టెమ్ సెల్స్ కోసమైతే వద్దు. పాలపళ్ళ గుజ్జులో మూలకణాలు, అంటే ఈ స్టెమ్ సెల్స్, ఉంటాయని 2003లో అమెరికా పరిశోధకులు చూపించిన మాట నిజం. అయితే ఆ కణాలు బతికుండాలి. పన్ను ఊడగానే ప్రత్యేక ద్రవంలో వేసి ల్యాబ్‌కి పంపి అతిశీతలంలో ఉంచాలి. మీ డబ్బాలో ఎండిపోయిన పన్నులో బతికున్నదేదీ మిగలదు. డబ్బు తీసుకుని దాచిపెట్టే కంపెనీలున్నాయి గానీ, ఆ కణాలతో ఇవాళ మామూలుగా చేసే వైద్యమంటూ ఇంకా లేదు. అమ్మకందారు మాట విని అప్పు చేసి మరీ కట్టొద్దని నా సలహా.

జ్ఞాపకం కోసమంటారా, మీవారికి విక్టోరియా రాణి సంగతి చెప్పండి. 1847లో పెద్ద కూతురి పాలపన్నును భర్త ఆల్బర్ట్ స్వయంగా పీకాడు. దాన్ని బంగారం, ఎనామెల్‌తో చేసిన తిసల్ అనే ముళ్ళ పువ్వు ఆకారపు బ్రోచ్‌లో (బట్టలకు గుచ్చుకునే నగలో) పొదిగించారు. ఆ ముళ్ళ పువ్వు పైభాగంలో తెల్లగా కనిపించేది సాక్షాత్తూ ఆ పిల్ల పన్నే.

పాలపళ్ళు లోకానికి పనికొచ్చిన సందర్భమూ ఒకటుంది, నన్నడిగితే ఫెయిరీ కథలన్నిటికంటే ఇదే గొప్ప కథ. 1950లలో గాల్లో అణు పరీక్షలు జరుగుతుండేవి. వాటి నుంచి వచ్చే స్ట్రాన్షియం-90 అనే రేడియోధార్మిక పదార్థం గడ్డి మీద పడి, ఆవు పాలల్లోకి చేరి, కాల్షియంలాగే నడుచుకుంటూ పిల్లల ఎముకల్లో పళ్ళల్లో కూర్చుంటోందని శాస్త్రవేత్తలకు అనుమానం. ఎముక కోసి చూడలేరు కదా. పన్ను అయితే దానంతటదే ఊడుతుంది. అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో లూయిస్ రైస్ అనే డాక్టరమ్మ మొదట్లో నడిపిన సర్వేలో 1958 నుంచి 1970 వరకు దాదాపు 3,20,000 పాలపళ్ళు పోగయ్యాయి. పన్ను పంపిన పిల్లలకు, నా పన్ను సైన్సుకిచ్చాను అని రాసి ఉన్న బ్యాడ్జీ ఇచ్చేవారు. 1961లో తొలి ఫలితాలు వచ్చాయి, ఏడాదికేడాది పుట్టిన పిల్లల పళ్ళల్లో స్ట్రాన్షియం పెరుగుతోందని తేలింది. 1963లో గాల్లో అణు పరీక్షలను నిషేధిస్తూ ఒప్పందం కుదరడానికి తోడ్పడ్డ ఆధారాల్లో ఈ పళ్ళు కూడా ఉన్నాయి. దిండు కింద నాణెం వదులుకుని పోస్టులో పన్ను పంపిన పిల్లలు వాళ్ళు.

ప్ర: తొమ్మిదేళ్ళ పెద్దవాడికి అనుమానం వచ్చింది. “నువ్వే పెడుతున్నావు కదమ్మా” అన్నాడు. ఇన్నాళ్ళూ పిల్లలకు అబద్ధం చెప్పినట్టే కదా? మనసులో ఏదోలా ఉంది.

జ: వాడే అడిగాడంటే వాడికి జవాబు తెలిసిపోయినట్టే. అవును నాన్నా, నేనే అనేయండి. నిలదీసి అడిగాక కూడా బుకాయిస్తేనే అది అబద్ధం అవుతుంది, అంతకుముందుదంతా ఆటే అని నా అభిప్రాయం. ఒప్పుకున్నాక చెల్లికో తమ్ముడికో పెట్టే బాధ్యత వాడికే అప్పజెప్పండి, గుట్టు మీకంటే బాగా కాపాడతాడు. ఒంట్లో ఒక భాగం ఊడి చేతికొస్తే, నెత్తురు కనిపిస్తే ఆరేళ్ళ పిల్లలకు భయం వేస్తుంది. ఆ భయం పోగొట్టడానికే ఈ కథలన్నీ.

నాకు ఇబ్బందనిపించేది డబ్బు దగ్గరే. అమెరికాలో డెల్టా డెంటల్ అనే దంత బీమా సంస్థ ఏటా లెక్కలు తీస్తుంది, ఒక్కో పంటికి 1998లో సగటున 1.30 డాలర్లుండేది 2023కి 6.23 డాలర్లయింది. పాలపళ్ళు మొత్తం ఇరవై, గుణించి చూసుకోండి. పక్కింటి పిల్లకి ఎక్కువ పెట్టిందని ఫెయిరీ మీదే అలిగే పిల్లలుంటారు. చిన్న నాణెమో, చిన్న ఉత్తరమో చాలు.

ప్ర: మొదటి పన్ను ఊడినప్పుడు కాకుండా, వచ్చినప్పుడు కానుక ఇచ్చే ఆచారం ఎక్కడైనా ఉందా?

జ: ఉంది, ఉత్తర ఐరోపాలో. పాత నార్స్ కవితల్లో ఫ్రేయర్ అనే దేవుడికి మొదటి పన్ను వచ్చినందుకు దేవతలు ఏకంగా ఆల్ఫ్‌హైమ్ అనే లోకాన్నే కానుకగా ఇచ్చేశారు. ఈ సంగతి మాత్రం పిల్లలకు చెప్పకండి.

ప్ర: పాత పన్ను ఊడకుండానే వెనకాల కొత్త పన్ను మొలిచింది. రెండు వరసలుంటే అదృష్టమంటున్నారు. పాతదాన్ని దారం కట్టి లాగేయమంటారా?

జ: అదృష్టమూ కాదు, దురదృష్టమూ కాదు. కొత్త పన్ను పైకి వస్తూ పాతదాని వేరును కరిగించుకుంటూ రావాలి, వేరు అరిగిపోయాక పాతది వదులై ఊడుతుంది. కొత్తది కాస్త పక్కదారి పట్టి వెనక నుంచి వస్తే వేరు సరిగ్గా కరగదు, అందుకే రెండు వరసలు. కింది ముందు పళ్ళలో ఇది మామూలే. పాతది ఊగుతుంటే శుభ్రమైన వేలితో, నాలుకతో పిల్లలనే కదిలించుకోమనండి. చాలాసార్లు అదే ఊడుతుంది, నాలుక ఒత్తిడికి కొత్తది మెల్లగా ముందుకొస్తుంది. రెండు మూడు నెలలైనా కదలకపోతే డెంటిస్టుకు చూపించండి. దారం, తలుపు గడియ ప్రయోగాలు వద్దు, వేరు ఇంకా గట్టిగా ఉంటే చిగురు చీరుకుంటుంది. ఆటల్లో దెబ్బ తగిలి పాలపన్ను ఊడొస్తే దాన్ని తిరిగి గుంటలో పెట్టకూడదు, కింద ఉన్న శాశ్వత పన్ను మొగ్గ దెబ్బతింటుంది. అదే శాశ్వత పన్ను ఊడితే మాత్రం వేరును ముట్టుకోకుండా తీసి, వెంటనే గుంటలో పెట్టాలి, లేదంటే పాలల్లో వేసుకుని అరగంటలోపు డెంటిస్టు దగ్గర ఉండాలి.