ఆఫీసు మొత్తానికి ఒకటే అడ్రస్ బుక్ పెట్టేటప్పుడు

అల్లుడూ,

మీ మిర్యాలగూడ మిల్లు ఆఫీసుకు మెయిల్ సర్వర్ నువ్వే పోస్ట్‌ఫిక్స్, డవ్‌కాట్ పెట్టి నడిపిస్తున్నవని విని మస్తు సంతోషమైంది. ఇగ అడ్రస్ బుక్ సంగతి అడిగినవ్ గదా, జర ఓపికతో చదువు.

ఆ రెండిటి పని మెయిల్ పంపుడు, దాచుడు వరకే, అడ్రస్ బుక్‌కు వేరే సర్వర్ కావాలె. ఎల్‌డ్యాప్ (మనుషుల వివరాలు ఒక్కచోట పెట్టి వెతుక్కునే పద్ధతి) పెట్టాల్నా, కార్డ్‌డావ్ (ఫోన్లల్ల కాంటాక్టులను సర్వర్‌తో కలిపే పద్ధతి) పెట్టాల్నా అని అడిగినవ్, నా మాటైతే మీకు రెండూ కావాలె, ఎందుకంటే మీ ఆఫీసుల ఉన్నయి రెండు రకాల అడ్రసులు, ఒకటి స్టాఫ్, ఇంకోటి బయటి పార్టీలు, వాటిని కలిపితే తర్వాత విడదీసుడు పెద్ద తలనొప్పి.

స్టాఫ్‌ను ఎల్‌డ్యాప్ నడిపే ఓపెన్‌ఎల్‌డ్యాప్ సర్వర్‌ల పెట్టు. పోస్ట్‌ఫిక్స్, డవ్‌కాట్ రెండూ లాగిన్లు, అడ్రసులు దాంట్ల చూసుకోగలవు, అంటే కొత్త మనిషి వస్తే ఒక్కచోట ఎక్కిస్తే మెయిలూ వస్తది, అడ్రస్ బుక్‌ల పేరూ వస్తది, మానేస్తే రెండూ ఒక్కసారే తీసెయ్యొచ్చు. కంప్యూటర్‌ల మెయిల్ చూసే థండర్‌బర్డ్ ప్రోగ్రాం దాన్ని చదువుతది గానీ మార్చనియ్యదు, స్టాఫ్ లిస్టుకు అదే మంచిది.

ఒక చిక్కు చెప్తా. ఎల్‌డ్యాప్‌ల మనిషి వివరాలు రాసే ఐనెట్‌ఆర్గ్‌పర్సన్ అనే రకం ఎంట్రీకి ఇంటిపేరు లేకుంటే సర్వర్ తీసుకోదు. మన దిక్కు చాలామందికి కాయితాలల్ల ఇంటిపేరు ఒక్క అక్షరమే ఉంటది, హమాలీ మేస్త్రీకైతే అందరు పిలిచే పేరొక్కటే. అట్లాంటోళ్లకు ఆ పిలిచే పేరే ఇంటిపేరు ఖానాల గూడ రాయి, చుక్కో గీతో పెట్టి ఊకోకు, రేపు వెతికితే దొరకదు. తెలుగుల గూడ రాయొచ్చు, పేరు ఖానా ఒక మనిషికి రెండుసార్లు ఉండొచ్చు గనుక తెలుగు ఒకటి, ఇంగ్లిష్ అక్షరాలల్ల ఒకటి పెట్టు. ఎంట్రీలు రాసే ఎల్‌డిఐఎఫ్ ఫైల్‌ల ఎక్కించేటప్పుడు తెలుగు పేరును బేస్64 (ఇంగ్లిష్ అక్షరాలు, అంకెల్లకు మార్చుడు) చేసి ముందట రెండు కోలన్లు పెట్టాలె.

ఇగ బ్రోకర్లు, లారీ ఆఫీసులు, గోనె సంచులోళ్లు, వీళ్లంతా కార్డ్‌డావ్‌ల ఉండాలె, ఫోన్‌ల మోగంగనే పేరు కనవడేది దాంతోనే. మీ అంత ఆఫీసుకు రాడికేల్ అనే కార్డ్‌డావ్ సర్వర్ చాలు, పోర్ట్ 5232, ఒక్కో మనిషి ఒక్కో ఫైల్. ఐఫోన్‌ల కార్డ్‌డావ్ ముందే ఉంటది, ఆండ్రాయిడ్‌కు డావెక్స్ ఫైవ్ అనే యాప్ ఏస్కో, ఎఫ్‌డ్రాయిడ్ అనే యాప్ స్టోర్‌ల ఫ్రీ. థండర్‌బర్డ్‌ల 2021ల వచ్చిన 91 వెర్షన్ నుంచి కార్డ్‌డావ్ ఉంది.

అన్నిటికన్న ఎక్కువ జాగ్రత్త పడాల్సింది ఇక్కడ్నే అల్లుడూ. అందరికీ రాసే హక్కు ఇస్తే, ఎవరో పిల్లగాడు తన ఫోన్‌ల నంబర్లు ఎక్కువైనయని నాలుగు డిలీట్ కొడ్తడు, అవి సర్వర్ మీద పోతయ్, సింక్ అయినప్పుడల్లా ఒక్కొక్కరి ఫోన్‌ల నుంచీ పోతయ్, సీజన్ల లారీ కోసం ఫోన్ చేద్దామంటే నంబర్ ఉండదు. గందుకే రాసే హక్కు మునీం గారికి, నీకు, ఇద్దరికే. రాడికేల్ మామూలుగ ఎవరి బుక్ వాళ్లకే చూపిస్తది, హక్కుల ఫైల్ రాసి మిగతా వాళ్లకు చదువుడు మాత్రమే ఇయ్యి, డావెక్స్‌ల గూడ రీడ్ ఓన్లీ పెట్టొచ్చు.

నంబర్లు అన్నీ +91తోనే రాయి, కంపెనీ ఖానా తప్పకుండ నింపు, లేకుంటే ఒకే మనిషి "లారీ అన్న", "సూర్యాపేట లారీ" అని రెండు మూడు పేర్ల మీద తిరుగుతడు.

ఎల్‌డ్యాప్ 389 పోర్ట్ బయటి నెట్‌కు తెరవకు, బయటి నుంచి కావాలంటే 636 మీద టీఎల్‌ఎస్ (మధ్యల ఎవరూ చదవకుండ గూఢం చేసి పంపుడు)తోనే, లాగిన్ లేకుండ ఎవ్వరికీ చూపియ్యకు. ఎంట్రీలు 500 దాటినంక లిస్టు సగంల ఆగితే భయపడకు, సైజ్‌లిమిట్ (ఒక్కసారి చూపించే ఎంట్రీల హద్దు) అసలు అంతే ఉంటది, పెంచుకో. బ్యాకప్‌కు స్లాప్‌క్యాట్ (ఓపెన్‌ఎల్‌డ్యాప్ ఎంట్రీలన్నీ ఫైల్‌కు తీసే కమాండ్), రాడికేల్ ఫోల్డర్ కాపీ, రెండూ రోజు రాత్రి తియ్యి, తీసినదాన్ని వేరే మిషన్ మీద ఒకసారి ఎక్కించి చూడు.

అందరికీ ఇచ్చే ముందు నీ ఫోన్‌ల, మునీం గారి ఫోన్‌ల కొన్ని రోజులు నడవనియ్యి. ఆయనకు పేర్లు సులువుగ దొరుకుతున్నయంటే ఇగ మిగతా వాళ్లకు పెట్టు.

మీ మామ