పంపు దించక ముందు

అల్లుడా,

పొద్దున నీ ఫోన్ వచ్చినకాడి నుంచి నాకు అదే మనాది. కరిగెట దున్నుతుంటె ట్రాక్టర్ బండి పావుగంట నడిచి గుంజుకుంట గుంజుకుంట ఆగిపోతున్నదన్నవ్. ఇంజన్‌కు డీజిల్ కొట్టే పంపు ఖరాబైంది, దించుమని ఎవరో చెప్పిన్రన్నవ్. పంపు మీద అప్పుడే పానా పెట్టకు.

ఆగినంక కొద్దిసేపు ఊకుంటె మళ్ల స్టార్టయితున్నదంటె నా అనుమానం ముందుగాల ట్యాంకు మీదికే పోతది. మూతకు సన్న రంధ్రం ఉంటది. డీజిల్ దిగినకొద్దీ అందులకెళ్లి గాలి లోపలికి పోవాలె. అది బురదతోని మూసుకపోతె డీజిల్ దిగదు. మూత వదులుగ పెట్టి, నీళ్లు చిందకుంట పైన శుభ్రమైన బట్ట కట్టి, అరగంట దున్ని చూడు. ఒక యాసంగిల నా బండి అచ్చం ఇట్లనే చేసింది. నేను పంపు దించి వరంగల్ కొంచవోయిన. టెస్ట్ బెంచ్ మీద మూడు ఎలిమెంట్లు, అంటె ఒక్కో సిలిండర్‌కు డీజిల్ తోసే భాగాలు, సమానంగ కొట్టినయ్. తెచ్చి బిగిస్తె మళ్ల అదే తీరు. రెండు దినాలు పోయినయ్, నాటుకు మాట్లాడిన కూలోళ్లు వేరే పొలానికి పోయిన్రు, నారు ముదిరింది. మూత కడిగిన తెల్లారి నుంచి బండి ఆగలే. ఆ రెండు దినాలు నీకు పోవద్దనే ఇదంత రాస్తున్న.

మూతల తప్పు లేకుంటె, ట్యాంకుల డీజిల్ గుంజి పెద్ద పంపు దిక్కు తోసే చిన్న ఫీడ్ పంపుకు వచ్చే పైపు విప్పి కింద డబ్బా పెట్టు. డీజిల్ నిండు ధారగ పడాలె. సన్నగ పడితె ట్యాంకు అడుగుల చెత్త ఉన్నట్టు, లేదంటె రబ్బరు పైపు లోపల ఉబ్బినట్టు. ఫీడ్ పంపు కింద గిన్నెల సన్న జాలి ఉంటది, దాన్ని చానమంది మర్చిపోతరు. అది తీసి డీజిల్‌తోనే కడుగు. ఫిల్టర్లు రెండూ ఒక్కసారే మార్చు, కడిగి మళ్ల ఎయ్యకు. అడుగున నీళ్లు కనవడితె ట్యాంకు పూర్తిగ ఖాళీ చెయ్యి. డబ్బాలల్ల తెచ్చిన డీజిల్ కొద్దిసేపు తేరనిచ్చి, అడుగుది వదిలిపెట్టి పొయ్యాలె.

ఇగ ఎయిర్ తీసుడు, అంటె పైపులల్ల చిక్కిన గాలి ఎళ్లగొట్టుడు. ఫిల్టర్ మీది స్క్రూ వదులు చేసి, ఫీడ్ పంపు చేతిమీట కొట్టు. నురుగు పోయి అచ్చ డీజిల్ వచ్చేదాక కొట్టి, అది కారుతుండంగనే బిగించు. రెండో ఫిల్టర్‌కు అట్లనే, ఆఖరికి పంపు పక్కనున్న స్క్రూకు. తర్వాత సిలిండర్లల్ల డీజిల్ చిమ్మే నాజిళ్ల కాడ మూడు పైపుల నట్లు సగం చుట్టు వదిలి, రేస్ నిండ పెట్టి సెల్ఫ్ కొట్టు. పది పదిహేను సెకన్లకు మించి పట్టకు, మధ్యన సెల్ఫ్‌ను చల్లారనియ్యి. రాగి వాషర్లు కొత్తవి ఎయ్యి. పాతవి బిగిస్తె వారం దినాలకు మళ్ల గాలి పడతది.

బండి నడుస్తది గని ఒక సిలిండర్ కొడుతలేదనిపిస్తె, స్లోల పెట్టి నాజిల్ పైపుల నట్లు ఒక్కొక్కటే వదిలి చూడు. వదలంగనే ఇంజన్ చప్పుడు పడిపోతె ఆ సిలిండర్ పని చేస్తున్నట్టు. మారకుంటె తప్పు అక్కడనే. ఆ నాజిల్‌ను పక్క సిలిండర్‌కు మార్చు. రోగం దానెంబడి పోతె నాజిల్‌దే. పోకుంటె పంపు ఎలిమెంటో, డెలివరీ వాల్వో, లేదంటె ఇంజన్ కంప్రెషనో.

ఈ పని చేసేటప్పుడు చెయ్యి గాని, మొఖం గాని ఆ పైపుల దగ్గర పెట్టకు బిడ్డా. నాజిల్ నుంచి కొట్టే డీజిల్ తోలు చీల్చుకోని లోపలికి పోతది. పైకి సూది గుచ్చినంతనే కనవడతది, నొప్పి గూడ ముందు తెల్వది, లోపల మాత్రం వేలే పోయేంత గాయమైతది. ఎక్కడ కారుతున్నదో చూడాల్నంటె అట్టముక్క అడ్డం పెట్టు. ఒకవేళ గుచ్చుకుంటె పసుపు రాసి కూసోకుంట గప్పుడే పెద్ద దవాఖానకు పో.

ఇన్ని చూసినంక గూడ పంపే అని తేలితె, దాన్ని పొలంల విప్పనియ్యకు. లోపల కదిలే ప్లంజర్‌కు, అది కూసునే బ్యారెల్ గొట్టానికి మధ్యన సందు మిల్లీమీటర్‌ల వెయ్యో వంతులల్ల ఉంటది, ఒక్క ఇసుక రేణువు చాలు గీతలు పడుటానికి. దించే ముందు పంపు ఫ్లాంజి (ఇంజన్‌కు బిగించే అంచు) మీద, ఇంజన్ మీద కలిసేటట్టు గీత గియ్యి, టైమింగ్ (డీజిల్ కొట్టే సమయం) తప్పకుంట మళ్ల అక్కడనే కూసోవాలె. పైపుల మూతులు శుభ్రమైన బట్టతోని కట్టు. ఇంజన్ వేగం హద్దు దాటకుంట ఆపే గవర్నర్ సీలు తెంపి రేస్ పెంచుతమంటె ఒప్పుకోకు. మీ పంపు మీద మైకో అని ఉంటది. ఆ కంపెనీ పేరు 2008ల బాష్ అయింది, సామాను ఆ పేరు మీద అడుగు.

ఇంజన్ ఆయిల్ గేజీ గూడ ఒకసారి తీసి చూడు. ఆయిల్ మట్టం పెరిగి డీజిల్ వాసనొస్తె బండి అసలే తిప్పకు, నాకు ఫోన్ చెయ్యి.

రేపు పొద్దున మూత సంగతి చూసి, మాపటికల్ల చెప్పు. మీ అమ్మను పరేషాన్ చెయ్యకు. పంపు దించాల్సొస్తె నేనే బస్సెక్కి వస్త, ఇద్దరం కలిసి గీత గీద్దాం.

మీ మామ