ఎలుగు సరే, తట్ట ఏమైంది?

తమ్ముడికి,

నీ కథ అందింది. రెండుసార్లు చదివాను. ఒకసారి మధ్యాహ్నం భోజనమయ్యాక, ఇంకోసారి రాత్రి పెన్ను పట్టుకుని. నీకు వాక్యం వచ్చు. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఇక్కణ్నుంచి రాసేదంతా నీకు తిట్లలాగే అనిపిస్తుంది.

నీ కథలో కుర్రాడు సెలవులకి ఊరొస్తాడు. ఒంటరిగా అడవిలోకి వెళ్తాడు. గోధుమరంగు ఎలుగుబంటి ఎదురై, రెండు కాళ్ళ మీద లేచి గర్జిస్తుంది. కుర్రాడు ఊపిరి బిగపట్టి శవంలా పడుకుంటాడు. అది చెవి దగ్గర వాసన చూసి వెళ్ళిపోతుంది. కుర్రాడికి జీవితం విలువ తెలిసొస్తుంది. కింద నువ్వు విడిగా రాశావు: "అక్కా, ఇది నాకు మొన్న వేసవిలో మన ఊళ్ళోనే నిజంగా జరిగింది."

జరిగిందనే నమ్ముతున్నాను. కానీ నువ్వు రాసిన ఎలుగు మన ఊరిది కాదు, చిన్నప్పటి నీతికథలోది. ఇద్దరు స్నేహితులు, చెట్టెక్కినవాడొకడు, చచ్చినట్టు పడుకున్నవాడొకడు. ఆ కథ మనకి ఎంత బాగా కంఠతా వచ్చిందంటే, నిజం ఎలుగు ఎదురుగా నిలబడినా దాని మీద ఆ కథనే కప్పేస్తాం. మన ఎలుగు చెట్లెక్కుతుంది. తేనెపట్టు కోసం, పండ్ల కోసం ఎక్కడం దానికి అలవాటే. చెట్టెక్కిన ఆ స్నేహితుడు మన వైపు పుట్టి ఉంటే ఏమయ్యేవాడో! ఇక పడుకున్నవాడి సంగతి. మన ఎలుగు మనిషి మీద పడితే ఎక్కువగా తల మీద, ముఖం మీదే గాయాలు చేస్తుంది. మన శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో అలాంటి ముఖాలు చూశాక నేను ఆ కథ పిల్లలకి చెప్పడం మానేశాను.

రంగు కూడా అంతే. మనది నలుపు. దుమ్ము కొట్టుకుపోయిన పాత గొంగళి లేచి నడుస్తున్నట్టు ఉంటుంది. మూతి మాత్రం పాలిపోయినట్టుంటుంది, రొమ్ము మీద నామం పెట్టినట్టు తెల్లటి గీత. నీ గోధుమరంగుది ఏ ఇంగ్లీషు సినిమాలోంచి వచ్చిందో నువ్వే చూసుకో.

నా సంగతి చెప్తాను. గొప్ప కోసం కాదు, నేనూ నీలాగే చెడగొట్టాను కాబట్టి.

నాకప్పుడు ఇరవై ఆరేళ్ళు. పెళ్ళయి రెండేళ్ళు. ఏప్రిల్ నెల, జీడి ఏరుబడి జోరుగా ఉన్న రోజులు. తెల్లవారుజామునే మా అత్తగారూ నేనూ తోటకి వెళ్ళేవాళ్ళం. రాత్రి రాలిన పండ్లని ఏరి, పిక్కని మెలిపెట్టి విడదీసి తట్టలో వేసుకోవాలి. పండు అక్కడే వదిలేస్తాం. ఎండెక్కేసరికి అవి పులిసి, తోటంతా కల్లు కుండ ఒలికినట్టు వాసన. చేతులకి రసం జిగురు, కాళ్ళ కింద ఎండాకులు, నడుం వంచితే మళ్ళీ ఎత్తడం ఉండదు. అత్తగారు ఒక వరసలో, నేను ఇంకో వరసలో.

అప్పుడు చప్పుడు వినిపించింది. ఎవరో ఊదుగొట్టంతో పొయ్యి ఊదుతున్నట్టు. ఉఫ్, ఉఫ్, కాస్త ఆగి మళ్ళీ ఉఫ్. పక్క తోటవాళ్ళు టీ కాస్తున్నారనుకున్నాను. నిజం చెప్తున్నా, నాలుక మీద టీ రుచి కూడా వచ్చింది. తట్ట నడుముకి ఆనించుకుని ఆ చప్పుడు వైపే నడిచాను.

పొయ్యీ లేదు, పొగా లేదు. గట్టు పక్కన చెదపుట్ట, దాని వెనక నల్లటి వీపు. నేను ఆగాను. అది తలెత్తింది. మా ఇద్దరి మధ్యా మన వీధి అరుగు నుంచి రోడ్డుకి ఉన్నంత దూరం. దాని మూతి నిండా ఎర్రమట్టి. అది ఒక్కసారి గట్టిగా బుసకొట్టి, నా పక్కనుంచే, చీర కుచ్చిళ్ళకి గాలి తగిలేంత దగ్గరగా, మొగలి పొదల్లోకి పరుగెత్తింది. మొత్తం మూడు సెకన్లు. నాలుగంటే అబద్ధం.

కేక వేద్దామంటే గొంతు రాలేదు. అత్తగారు పరుగున వచ్చి నన్ను చూశారు, పొదల వైపు చూశారు, నా చేతులు చూశారు. ఆవిడ మొదటి మాట: "తట్టేదే?"

జరిగింది అంతే. దాన్ని నేను ఏం చేశానో చూడు.

ఆ సాయంత్రం వీధిలోవాళ్ళకి చెప్పినప్పుడు అది మూడు సెకన్లే. వారం తర్వాత మా పుట్టింట్లో చెప్పేసరికి నిమిషం అయింది. ఆరు నెలలకి ఎలుగు రెండు కాళ్ళ మీద లేచింది. ఏడాదికి మేమిద్దరం కళ్ళలో కళ్ళు పెట్టి చూసుకున్నాం. దాని కళ్ళలో నాకేదో కనిపించింది కూడా! పత్రికకి పంపిన కథలో ఆ కళ్ళ గురించే ముప్పావు పేజీ ఉంది. అచ్చయింది. ఉత్తరాలొచ్చాయి. చదివి ఏడ్చామన్నారు. టీ సంగతి తీసేశాను, మరీ చిల్లరగా ఉందని. తట్ట సంగతి కూడా తీసేశాను.

తర్వాత ఒక పెళ్ళిలో, భోజనాల దగ్గర, ఎవరో అడిగితే మళ్ళీ అదే కథ అందుకున్నాను. కళ్ళ దాకా వచ్చాను. ఎదురు బంతిలో ఒక పెద్దాయన ఉన్నారు. ఎడమ కన్ను లేదు. చెంప మీది చర్మం ఎక్కడో కొలిచి కుట్టినట్టు ఒక పక్కకి లాగేసి ఉంది. మా వైపు అలాంటి ముఖం చూస్తే ఏం జరిగిందని ఎవరూ అడగరు. ఆయన అంతా విన్నారు. చివర్న, చాలా మామూలుగా, "మరి తట్టేటయింది తల్లీ?" అన్నారు.

నేను అర్థం కానట్టు చూశాను.

"జీడి ఏరడానికెళ్ళేవు గదా. తట్ట పడిపోయిందా, నీ చేతిలోనే ఉందా?"

నా కథలో తట్ట లేదు కాబట్టి నా దగ్గర జవాబూ లేదు. ఆయన ఇంకేమీ అనకుండా పెరుగన్నం కలుపుకున్నారు. నాకు మాత్రం ఆ పూట ముద్ద దిగలేదు. ఆయనకి తన తట్ట ఎక్కడ పడిందో తప్పకుండా గుర్తుండే ఉంటుంది.

తర్వాత రెండేళ్ళు నేనేమీ రాయలేదు. ఇలా చెప్తుంటే పెద్ద తపస్సులా వినిపిస్తుందేమో, అదేం లేదు, సిగ్గేసి రాయలేదు. ఆ రెండేళ్ళలో చేసిన పనల్లా అడగడం. ఏరుబడి కూలీలని, ఫారెస్టు గార్డులని, పశువులు కాసేవాళ్ళని. ఊదుగొట్టం చప్పుడు ఏమిటో అప్పుడు తెలిసింది. మన ఎలుగుకి పై వరసలో మధ్య ముందు పళ్ళు రెండూ ఉండవు. పుట్టని గోళ్ళతో తవ్వి, ముందు మట్టిని ఊదేసి, ఆ పళ్ళ సందులోంచి చెదల్ని జుర్రేస్తుంది. ముక్కు రంధ్రాలు మూసుకోవడం కూడా దానికి వచ్చు, లేకపోతే దుమ్మంతా ముక్కులోకే. దాని చూపు అంతంతమాత్రం, వినికిడీ గొప్పగా ఉండదు, ముక్కు ఒక్కటే చురుకు. పైగా తినేటప్పుడు తన చప్పుడులో తాను మునిగిపోయి ఉంటుంది. నేను టీ ధ్యాసలో ఉన్నాను. అలా ఇద్దరు పరధ్యానంవాళ్ళు ఒక గట్టు దగ్గర ఢీకొన్నారు. దాని కళ్ళలో నాకేదో కనిపించిందని రాశానే, ఆ కళ్ళకి నేను సరిగా కనిపించి ఉండను కూడా.

నువ్వు ఇది పట్టించుకోవాలి. ఎలుగు ఎందుకలా చేస్తుందో తెలిస్తే దాని చేత గర్జింపించాల్సిన పని నీకుండదు. పుట్ట దగ్గర మట్టి ఎగిరితే చాలు, మా వైపు పాఠకుడు చదువుతూనే వెనక్కి తిరిగి చూసుకుంటాడు.

ఇప్పుడు నీ కుర్రాడి దగ్గరికొస్తాను. వాడు ఆ పొద్దున అక్కడ ఏం చేస్తున్నాడు? "ప్రకృతి పిలిచింది" అని రాశావు. (మా వైపు ఆ మాటకి వేరే అర్థం ఉంది. నిజానికి చాలామందికి ఎలుగు ఎదురయ్యేది ఆ పని మీద వెళ్ళినప్పుడే. అదే రాసినా నేను ఒప్పుకునేదాన్ని.) ఉద్దానంలో ఊరికే అడవికెళ్ళేవాడు ఎవడున్నాడు? మనం వెళ్ళేది పిక్కల కోసం, పనసకాయ కోసం, కట్టెల కోసం, తప్పిపోయిన ఆవు కోసం. అసలు మనది అడవే కాదు, తోటలు. కొండకీ సముద్రానికీ మధ్య జీడి, కొబ్బరి, పనస. ఆ మూడూ మనకెంత ఇష్టమో ఎలుగుకీ అంతే ఇష్టం. జీడికాయనే చూడు. పండు దానికి, పిక్క మనకి. ఒకే కాయలో చెరో సగం కోసం, ఒకే చెట్టు కిందకి, అది చీకటి చివర్న, మనం వెలుగు మొదట్లో వస్తాం. నీ కథ అక్కడుంది. నువ్వేమో దాన్ని తీసుకెళ్ళి కొండమీద పెట్టావు.

పేపర్లలో చదివినదాన్ని కూడా జాగ్రత్తగా వాడు. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలం కిడిసింగి దగ్గర ఏం జరిగిందో నీకు గుర్తుండే ఉంటుంది. ఎలుగు దాడిలో ఒక రైతు చనిపోయాడు, చాలామంది గాయపడ్డారు. మత్తు ఇచ్చి పట్టుకుని విశాఖ జూకి తీసుకెళ్తుంటే ఎలుగు కూడా దారిలో చచ్చిపోయింది. ఆ రోజుల్లో పిల్లల్ని ఒంటరిగా బయటికి పంపాలంటే మాకు టెన్షన్. హెడ్డింగుల నిండా బీభత్సం, భయోత్పాతం. రాసినవాళ్ళని తప్పుపట్టను, వాళ్ళకి ఉన్నది ఒక పూట. నీకు అంతకంటే టైముంది. దాన్ని కథగా రాస్తే రైతు పక్షమా, ఎలుగు పక్షమా అని నన్ను అడగొద్దు, ఉత్తరం కింద కూడా అడిగావు. చనిపోయిన మనిషి భార్య ఆ కథ చదువుతుందనుకుని రాయి. ఆవిడ ముందు ఎలుగు గురించి నోరు పెగిలి ఎంత చెప్పగలవో అంతే రాయి.

నా మొదటి ఎలుగు సంగతి కూడా చెప్పేస్తాను, ఎప్పుడైనా నీకు పనికొస్తుంది. నాకు ఆరేళ్ళప్పుడు ఎలుగుని ఆడించేవాళ్ళు ఊళ్ళోకి వచ్చేవాళ్ళు. దాని ముక్కుకి తాడు. దడుపు జ్వరం పోతుందని మా అమ్మ నన్ను దాని వీపు మీద కూర్చోబెట్టించింది, రెండు వెంట్రుకలు తాయెత్తులో పెట్టించి మొలకి కట్టింది. జాంబవంతుడమ్మా, దండం పెట్టుకో అంది. ఆ వీపు ఎంత వేడిగా ఉందో నాకింకా గుర్తు. భాగవతంలో శ్రీకృష్ణుడితో ఇరవై ఎనిమిది రోజులు కలబడినవాడు, మా వీధిలో గుప్పెడు బియ్యం కోసం గంతులేశాడు. ఇప్పుడా ఆట లేదు, పోయింది, మంచిదే. కానీ చూడు, అరవై ఏళ్ళుగా తెలుగులో రాస్తున్నానన్న పేరేగానీ ఆ వీపు వేడి మీద ఒక్క వాక్యం రాయలేకపోయాను. తోటలో మూడు సెకన్ల మీద మాత్రం పద్నాలుగు పేజీలు రాశాను.

నీ కథ తిరిగి పంపిస్తున్నాను. ఎర్రగీతలు చూసి కంగారుపడకు, పేజీకి రెండు మూడు వాక్యాలు మిగిలాయి. "పొద్దున్నే కావడంతో చెప్పుల్లో ఇసుక చల్లగా ఉంది" అన్నది ఉంచాను. అది నీతికథలో దొరకదు, నువ్వు చూసిందే. అక్కణ్నుంచి మొదలుపెట్టు. ఆ చెప్పులతో ఎక్కడికి బయల్దేరావో, ఎవరు పంపారో, చేతిలో ఏముందో రాయి. ఎలుగు దగ్గరికొచ్చేసరికి ఎన్ని సెకన్లు పట్టిందో అన్ని వాక్యాలే రాయి. ఆ తర్వాత ఇంటికెళ్ళాక మీ అమ్మ నిన్ను మొదట ఏమడిగింది? అది నీ కథలో లేదు. ఫోన్ చేసి కనుక్కో, ఆవిడకి గుర్తుంటుంది.

తట్ట సంగతా? పెళ్ళి నుంచి వచ్చాక అత్తగారినే అడిగాను. పుట్ట దగ్గరే బోర్లా పడిందట. ఆ మర్నాడు నాకు జ్వరం. ఆవిడ ఒక్కతే వెళ్ళింది, అల్యూమినియం గిన్నె మీద గరిటెతో దారి పొడవునా వాయించుకుంటూ. చెల్లాచెదురైన పిక్కలన్నీ ఏరుకొచ్చింది. నాకు ఇన్నేళ్ళూ చెప్పలేదేమంటే, "నువ్వు అడగనేదు గదే" అంది. 2018లో తిత్లీ తుఫానుకి ఆ వరసలో చెట్లు సగం పడిపోయాయి. పుట్ట మాత్రం ఉంది.

ఏప్రిల్‌లో రా, చూపిస్తాను. ఒంటరిగా తోటలోకి వెళ్ళకు, చీకట్లో అసలే వద్దు. నాతో వచ్చేటప్పుడు గట్టిగా మాట్లాడుతూ నడవాలి, సాహిత్యం గురించైనా పర్లేదు. గిన్నె ఒకటి నువ్వే తెచ్చుకో. మా ఇంట్లో ఉన్నవాటికి సొట్టలు పడని చోటు లేదు.

మీ అక్క