పిల్లలపై హక్కు, పిల్లల పట్ల బాధ్యత

సందేహం: ‘పిల్లలపై తల్లిదండ్రుల చట్టబద్ధ హక్కులు, బాధ్యతలు’ అనే శీర్షికతో ఒక వ్యాసం రాశాను. ‘పై’ తప్పని, ‘పట్ల’ అనాలని ఒక మిత్రుడు దిద్దారు. వ్యాసంలో ‘తల్లిదండ్రుల పోషణ బాధ్యత’ అని రాస్తే దానికీ అభ్యంతరం చెప్పారు. ఏది సరైనది?

సమాధానం: మీ ‘పై’ హక్కులకు సరిపోతుంది, బాధ్యతలకు సరిపోదు. మీ మిత్రుడి ‘పట్ల’ బాధ్యతలకు నప్పుతుంది, హక్కులకు నప్పదు. రెంటినీ ఒకే ముడిలో కట్టడంతోనే చిక్కు వచ్చింది.

‘హక్కు’, ‘బాధ్యత’ అనే ఈ రెండు మాటల దగ్గర ‘పై’ (అదే అర్థమున్న ‘మీద’ కూడా) వేర్వేరు వైపులకు తిరుగుతుంది. ‘ఇంటి మీద హక్కు’ అన్నప్పుడు హక్కు దేనికి సంబంధించిందో దానికి ‘మీద’ చేరుతుంది. ‘ఇంటి బాధ్యత నా మీద ఉంది’ అన్నప్పుడు మోసే మనిషికి చేరుతుంది. అందుకే ‘పిల్లలపై బాధ్యత’ అని చదవగానే బరువు పిల్లల నెత్తిన పడ్డట్టు వినిపిస్తుంది. మీరు చెప్పదలచుకున్నదానికి ఇది పూర్తిగా తలకిందులు.

‘పిల్లలపై హక్కు’ వ్యాకరణానికి తప్పు కాదు. అయినా చట్టం గురించి రాసేటప్పుడు నేను దాన్ని వాడను. అది పిల్లలను ఆస్తి పక్కన నిలబెడుతుంది. 1989లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడిక 5వ అధికరణం తల్లిదండ్రుల బాధ్యతలను, హక్కులను, విధులను ప్రభుత్వాలు గౌరవించాలంటుంది. అక్కడ బాధ్యతల మాటే ముందు వచ్చింది. ఆ హక్కులైనా దేనికి? పిల్లలు తమ హక్కులను వాడుకునేటప్పుడు వాళ్ల ఎదుగుదలకు తగ్గట్టు దారి చూపడానికి. తల్లిదండ్రులు విడిపోయినప్పుడు ‘బిడ్డను చూసే హక్కు తండ్రికి ఉందా, లేదా’ అని అడుగుతుంటారు కదా, 9వ అధికరణం ఆ మాటను బిడ్డ వైపు నుంచి చెప్పింది. బిడ్డ మేలుకు విరుద్ధం కానంతవరకు, తల్లినీ తండ్రినీ క్రమం తప్పకుండా కలుస్తూ ఉండే హక్కు బిడ్డదే. ఇలాంటి చోట ‘పై’కి పనే లేదు. ‘కలుసుకునే హక్కు’, ‘పెంచే హక్కు’ అని క్రియతో చెబితే ఎవరి హక్కో, దేనికో స్పష్టంగా తెలుస్తుంది.

శీర్షికలో రెండు మాటలూ కలిసే ఉండాలనుకుంటే ‘పిల్లల విషయంలో తల్లిదండ్రుల హక్కులు, బాధ్యతలు’ అనండి. ‘విషయంలో’ రెంటికీ ఇమిడిపోతుంది.

ఇక ‘తల్లిదండ్రుల పోషణ బాధ్యత’ గురించి మీ మిత్రుడి అభ్యంతరం న్యాయమైనదే. షష్ఠీ విభక్తి, అంటే ఇక్కడి ‘తల్లిదండ్రుల’ అనే రూపం, పోషించే కర్తనూ చెప్పగలదు, పోషణ పొందే కర్మనూ చెప్పగలదు. మీ వాక్యం చూసి, వయసు మళ్లిన తల్లిదండ్రులను పిల్లలు పోషించడమనే చాలామంది అనుకుంటారు. ‘పసిపిల్లల పోషణ’ అన్నప్పుడు ఈ తికమక రాదు, పసివాళ్లు ఎవరినీ పోషించలేరు కనుక. ‘పిల్లలను పోషించే బాధ్యత తల్లిదండ్రులది’ అని విడదీసి రాయండి. ‘తల్లిదండ్రులిద్దరిదీ’ అంటే మరీ మంచిది, అదే ఒడంబడిక 18వ అధికరణం పిల్లల పెంపకాన్ని ఇద్దరి ఉమ్మడి బాధ్యతగానే చెబుతోంది.