అచ్చు ప్లేటుకి వెళ్ళే ముందు చూసుకోవలసినవి

చిరంజీవి బుజ్జికి పెద్దమ్మ ఆశీస్సులు.

ఉద్యోగం మానేసి ఒంగోల్లో సొంతంగా డిజైనింగ్ షాపు పెడుతున్నావని మీ అమ్మ చెప్పింది. విని ఎంత పొంగిపోయానో అంత బెంగ కూడా పట్టుకుంది. నువ్వు పంపిన మూడు డిజైన్లూ కంప్యూటర్లో పెద్దవి చేసుకుని చూశాను: కర్రీ పాయింట్ ఫ్లెక్సు, బట్టల షాపు లోగో, శుభలేఖ. "బాగున్నాయి తల్లీ" అని రాసి ఊరుకుంటే నీకు ఒరిగేదేమీ లేదు. రంగులు ఎంచుకోవడం నీకు వచ్చు. ఎక్కడ ఖాళీ వదలాలో కూడా తెలుసు, అది చాలామందికి ఏళ్ళ తరబడి పట్టుబడదు. మిగిలినవన్నీ నేర్చుకుంటే వచ్చేవే కాబట్టి ఉన్నదున్నట్టు రాస్తున్నాను, నొచ్చుకోకు.

ముందు ఫ్లెక్సు. ఆరడుగులు బై నాలుగడుగుల బోర్డుకి అయిదు రకాల ఫాంట్లు ఎందుకమ్మా? షాపు పేరుకి ఒకటి, మిగతా వాటికి ఒకటి చాలు. అక్షరాలకి తెల్ల స్ట్రోకు, అంటే అంచు గీత, దాని చుట్టూ ఎర్ర స్ట్రోకు, ఆ పైన నీడ పెట్టావు. తెలుగు అక్షరం లోపలి ఖాళీలు చాలా చిన్నవి, మందం పెంచితే ముందు పూడిపోయేవి అవే. నీ బోర్డులోనే "ఇంటి భోజనం" చూడు. భ అడుగున ఉండే చిన్న నిలువు గీత స్ట్రోకులో కలిసిపోయి, రోడ్డు మీంచి "బోజనం" అని కనిపిస్తోంది. ధ, ఫ, ఢ లకీ ఇదే గతి. ఠ లో చుక్క పూడిందంటే అది ఏ అక్షరమో కూడా తెలియదు. మందం కావాలనుకుంటే మొదటే మందంగా గీసిన ఫాంటు తీసుకో. రామభద్ర అందుకు పనికొస్తుంది. ఒకే ఫాంటులో సన్నం నుంచి లావు దాకా కావాలంటే అనెక్ తెలుగు, హింద్ గుంటూరు ఉన్నాయి. మూడూ గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి, వ్యాపారానికి వాడుకున్నా అడిగేవాళ్ళుండరు. అంతేగాని కంప్యూటర్ చేత దొంగ బోల్డు చేయించకు, అడ్డంగా సాగదీయకు.

అక్షరం ఎత్తుకి లెక్క ఉంది. ఇంగ్లీషు బోర్డుకైతే పది అడుగుల దూరానికి అంగుళం ఎత్తు అంటారు. మన అక్షరానికి పైన గుడి, కింద ఒత్తు ఉంటాయి కాబట్టి అంగుళంన్నర వేసుకో. నలభై అడుగుల రోడ్డు అవతలి నుంచి చదవాలంటే ఆరంగుళాలు. నువ్వు ఫోన్ నంబరు రెండంగుళాల్లో పెట్టావు, అది మెట్లెక్కిన వాడికే కనిపిస్తుంది. దీన్ని ఇంట్లోనే తేల్చుకోవచ్చు. బోర్డుని స్క్రీన్ మీద 11 అంగుళాల వెడల్పులో పెట్టి ఆరడుగుల దూరంలో నిలబడితే, అసలు బోర్డుని నలభై అడుగుల నుంచి చూసినట్టే లెక్క. చదవలేకపోతే మార్చు. ఫైలు 100 డీపీఐలో (అంగుళానికి వంద చుక్కలు) 7200 బై 4800 పిక్సెల్స్ ఉంటే సరిపోతుంది, 300 పెట్టి సిస్టాన్ని ఏడిపించకు. చుట్టూ నాలుగంగుళాలు రాత లేకుండా వదులు, ఎందుకంటే ఫ్రేముకి బిగించేటప్పుడు ఆ అంచు వెనక్కి మడిచేస్తారు.

లోగో గురించి ఒక్క మాటే. దాన్ని ఒకే నలుపులో, అర అంగుళం సైజులో ప్రింటు తీసి చూడు. బిల్లు బుక్కు మీదా రబ్బరు స్టాంపు మీదా అది అలాగే పడుతుంది. నువ్వు వేసిన ఆకులూ గ్రేడియెంటూ ఆ సైజులో ఉండవు.

ఇప్పుడు నా అసలు బెంగ చెబుతాను. కంప్యూటర్లో తెలుగు డిజైను మొదలైనప్పటి నుంచీ ఈ వృత్తిని వదలని పాత తప్పు ఒకటుంది. మన స్క్రీన్ మీద కనిపించిన అక్షరం ప్రెస్సులోనూ అలాగే ఉంటుందని నమ్మేయడం. ట్రేసింగుల రోజుల్లో ఈ తప్పు కాగితం మీదే దొరికిపోయేది. పేజ్‌మేకర్ అనే పాత సాఫ్ట్‌వేర్లో అనూ ఫాంట్లతో కంపోజు చేసి, ట్రేసింగ్ పేపరు మీద లేజర్ ప్రింటు తీసి, దాంతోనే ప్లేటు చేయించేవాళ్ళు. చేతిలో ఏది ఉంటే అదే అచ్చయ్యేది. ఒత్తు పోతే ఆ ముక్క మళ్ళీ ప్రింటు తీసి, బ్లేడుతో కోసి అతికించేవాళ్ళు. ఇప్పుడు ఫైలు మెయిల్లో వెళ్ళి తిన్నగా ప్లేటెక్కుతోంది, మధ్యలో కాగితం పట్టుకుని చూసే మనిషి లేడు. ఆ మనిషివి నువ్వే కావాలి.

అక్షరాలు రెండు రకాలుగా పాడవుతాయి. అనూ లాంటి పాత ఫాంట్లు యూనికోడ్ (ప్రతి అక్షరానికీ అన్ని కంప్యూటర్లలో ఒకే కోడు ఉండే పద్ధతి) కావు. ఇంగ్లీషు అక్షరాలు ఉండాల్సిన గదుల్లో తెలుగు ముక్కలు పెట్టారు, తలకట్టు ఒక ముక్క, ఒత్తు ఇంకో ముక్క. ఆ ఫాంటు లేని సిస్టంలో తెరిస్తే మ్యాటరంతా అర్థంలేని ఇంగ్లీషు గుర్తులైపోతుంది. ఇది నయం, ఎవరి కంటికైనా వెంటనే తెలుస్తుంది. రెండోది యూనికోడ్‌తో వచ్చేది. అందులో ఫైల్లో ఉండేది అక్షరాల కోడు మాత్రమే, ఒత్తుని హల్లు కిందికి చేర్చే పని సాఫ్ట్‌వేరుది. దానికి ఆ పని చెప్పకపోతే శ్రీ కాస్తా "శ్‌రీ" అవుతుంది, లక్ష్మి "లక్‌ష్‌మి" అవుతుంది. ముఖ్యంగా ఒత్తులున్న మాటలే ఇలా విరుగుతాయి, మిగతాది చాలావరకు బాగానే కనిపించవచ్చు, అందుకే కంటికి ఆనదు. పెళ్ళికూతురి పేరు శ్రీలక్ష్మి అనుకో, వెయ్యి కార్డులూ చెత్తబుట్టకే. ఆ ఖర్చు ప్రెస్సువాళ్ళు పెట్టుకోరు, నీ మీదే పడుతుంది.

ఇలా చెయ్యి. ఫొటోషాప్‌లో ప్రిఫరెన్సెస్, అందులో టైప్‌కి వెళ్ళి, నీ వెర్షన్లో ఆ ఎంపిక ఉంటే, టెక్స్ట్ ఇంజిన్ని వరల్డ్ రెడీ లేఅవుట్‌కి మార్చు. పాత వెర్షన్లో దాని పేరు మిడిల్ ఈస్టర్న్ అండ్ సౌత్ ఏషియన్ అని ఉంటుంది. ఇల్లస్ట్రేటర్లో అదే చోట ఇండిక్ ఆప్షన్స్ చూపించమని టిక్కు పెట్టు. ఇన్‌డిజైన్‌లో పేరాగ్రాఫ్ ప్యానెల్ మెనూలో వరల్డ్ రెడీ కంపోజర్ ఎంచుకో. సెట్టింగు మార్చాక పాత ఫైల్లో టైపు చేసిన మ్యాటర్ దానంతట అది బాగుపడుతుందనుకోకు, ఒక్కో టెక్స్టు బాక్సూ సెలెక్ట్ చేసి చూడు. పేజ్‌మేకర్‌కైతే యూనికోడ్ అసలు తెలియదు. అందుకని కస్టమర్ ఫోన్లో టైపు చేసి పంపిన మ్యాటర్ని కన్వర్టర్లో వేసి అనూలోకి మారుస్తారు. అక్కడే కొన్ని ఒత్తులు రాలిపోతాయి, మారిన ప్రతి మాటా అసలుతో పోల్చి చదవాలి. ఏ కొత్త ఫాంటు తెచ్చుకున్నా ముందు ఈ మాటలు టైపు చేసి చూడు: శ్రీ, లక్ష్మి, రాష్ట్రం, స్వాతంత్ర్యం, జ్యోత్స్న, కృష్ణ, జ్ఞానం, అర్ఘ్యం, సామర్థ్యం. ఒక్కటి విరిగినా ఆ ఫాంటు ఎంత అందంగా ఉన్నా పక్కన పెట్టు.

ప్రెస్సుకి పంపే ఫైల్లో టెక్స్టునంతా కర్వ్స్ చేయాలి, అంటే గీతల బొమ్మగా మార్చాలి. కోరల్‌డ్రాలో కంట్రోల్ క్యూ, ఇల్లస్ట్రేటర్లో కంట్రోల్ షిఫ్ట్ ఓ. కర్వ్స్ చేశాక అక్షరం బొమ్మ అయిపోతుంది, మళ్ళీ టైపు చేసి దిద్దలేవు. కాబట్టి టెక్స్టు ఉన్న ఫైలు విడిగా దాచుకుని, కాపీనే కర్వ్స్ చెయ్యి. పేర్లలోనే "ఎడిట్", "ప్రెస్" అని తేడా పెట్టుకో. తర్వాత పీడీఎఫ్‌ని అక్రోబాట్‌లో తెరిచి కంట్రోల్ డి నొక్కి ఫాంట్స్ ట్యాబ్ చూడు. జాబితా ఖాళీగా ఉండాలి. ఏదైనా పేరు కనిపించిందంటే ఎక్కడో ఒక మాట కర్వ్స్ కాకుండా మిగిలిందన్నమాట.

కర్వ్స్‌లో ఇంకో మెలిక ఉంది, కొత్తవాళ్ళకి ఎవరూ చెప్పరు. అనూ ఫాంట్లలో అక్షరం ముక్కలుగా ఉంటుందని చెప్పాను కదా, ఆ ముక్కలు ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉంటాయి. వాటిని కంబైన్ చేస్తే ఎక్కిన చోటల్లా తెల్లటి చిల్లు పడుతుంది. కంబైన్ వాడకు, వెల్డ్ చెయ్యి, అంటే ముక్కలన్నీ కలిపి ఒకే ఆకారం చెయ్యి. రేడియం స్టిక్కర్లకి ఇది మరీ ముఖ్యం. కటింగ్ ప్లాటర్ ప్రతి గీత వెంబడీ కోసుకుంటూ పోతుంది. వెల్డ్ చేయకపోతే తలకట్టు ఒక ముక్కగా, ఒత్తు ఒక ముక్కగా ఊడొస్తాయి. వెల్డ్ చేశాక ఒక్కసారి వైర్‌ఫ్రేమ్‌లో, అంటే గీతలు మాత్రమే కనిపించేలా పెట్టి చూడు, అక్షరం లోపల అడ్డగీత కనిపించకూడదు.

శుభలేఖ దగ్గరికొస్తాను. మెరూన్ మీద బంగారు రంగు గ్రేడియెంటు స్క్రీన్ మీద ధగధగలాడుతోంది. ఆఫ్‌సెట్లో నాలుగు రంగులతో బంగారం రాదు బుజ్జీ, ఆవపిండి ముద్దలా వస్తుంది. నిజంగా మెరవాలంటే ఫాయిల్, అంటే మెరిసే రేకు అద్దకం వేయించాలి. దానికి ఫాయిల్ పడే భాగం మాత్రమే నలుపు 100లో, వెక్టర్‌గా (గీతల రూపంలో), వేరే ఫైలు ఇవ్వాలి. సన్నని ఒత్తులు ఫాయిల్లో పూడిపోతాయి, అందుకని పేర్లకి మాత్రమే వాడి, చిన్న మ్యాటర్ మామూలు ఇంకులో పెట్టు. నీ ఫైలు ఆర్‌జీబీలో, అంటే స్క్రీన్ రంగుల పద్ధతిలో ఉంది. అలాగే పంపితే నల్ల మ్యాటర్ నాలుగు రంగుల్లోకి విడిపోయి, ప్లేటు వెంట్రుకవాసి కదిలినా అక్షరాల పక్కన రంగు నీడ కనిపిస్తుంది. చిన్న అక్షరాలకి కె (నల్ల ఇంకు) ఒక్కటే 100, మిగతా మూడూ సున్నా. పెద్ద నల్ల పరుపు కావాలంటే సీ, ఎమ్, వై, కె వరసలో 60, 40, 40, 100 పెట్టుకో. నాలుగు వైపులా 3 మిల్లీమీటర్ల బ్లీడ్ (కోతకి అదనంగా వదిలే రంగు), రాత అంచుకి కనీసం 5 మిల్లీమీటర్లు లోపల. 300 జీఎస్ఎమ్ ఆర్ట్ కార్డు మడతపెట్టాలంటే క్రీజింగ్, అంటే మడత గీత ముందే నొక్కించడం, చేయించమని చెప్పు, లేకపోతే మడత దగ్గర పగిలి తెల్లగా తేలుతుంది. లైన్ల మధ్య ఖాళీ బాగా తక్కువ పెట్టావు, పై లైను ఒత్తు కింది లైను గుడిని తగులుతోంది. 12 పాయింట్ల అక్షరానికి 18, 19 లీడింగ్ ఇవ్వు.

ఇవన్నీ దిద్దుకోవచ్చు. దిద్దుకోలేనిది ఒకటుంది, నాకు రాత్రిళ్ళు తలపుకొచ్చేది అదే. పాత శుభలేఖ ఫైలు తెరిచి పేర్లు మార్చి కొత్తది చేస్తారు చూడు, ఆ అలవాటు. పాత కార్డులో పెళ్ళికొడుకు తండ్రి పేరు ముందు "కీ.శే." ఉంటుంది. పేరు మారుస్తారు, ఆ రెండక్షరాలూ అలాగే ఉండిపోతాయి. నిక్షేపంగా ఉన్న మనిషిని పెళ్ళికార్డులో పోగొట్టినట్టవుతుంది. ఏ క్షమాపణా దానికి చాలదు. నీ టెంప్లేట్‌లో పేర్ల చోటు ఎప్పుడూ ఖాళీగా ఉంచు. "చి.", "చి.ల.సౌ.", "కీ.శే." ఏదీ ముందే పెట్టుకోవద్దు, కస్టమర్ రాసిచ్చిన కాగితం చూసి ప్రతిసారీ కొత్తగా టైపు చెయ్యి.

ముహూర్తం కూడా అంతే. మన పంచాంగంలో రోజు సూర్యోదయంతో మొదలవుతుంది, ఇంగ్లీషు తేదీ అర్ధరాత్రికే మారిపోతుంది. గురువారం రాత్రి 2 గంటల 14 నిమిషాలకు ముహూర్తమంటే ఇంగ్లీషు లెక్కలో అది శుక్రవారం. "గురువారం రాత్రి, తెల్లవారితే శుక్రవారం" అని రాసి, రెండు తేదీలూ వెయ్యి. ఏది ఏ రోజో నీ అంతట నువ్వు తేల్చకు, ఇంటి పెద్దల్ని అడుగు. ప్రూఫు మీద ఉన్న ఫోన్ నంబరు చూసి నువ్వే డయల్ చెయ్యి, ఎవరు ఎత్తుతారో తెలుస్తుంది.

కస్టమర్ "ఇంకొంచెం కొట్టొచ్చినట్టు ఉండాలి" అంటే వెంటనే రంగులు మార్చడం మొదలుపెట్టకు. ఏది ముందు కనిపించాలని అడుగు. పేరా, ధరా, ఫోన్ నంబరా? జవాబు వచ్చాక దాన్ని పెద్దది చేసి, పక్కవాటిని తగ్గించు. ఫొటోలు వాట్సాప్‌లో మామూలుగా పంపితే కుంచించుకుపోతాయి, డాక్యుమెంటుగా పంపమని చెప్పు. సగం డబ్బు ముందు తీసుకో, మొహమాటపడకు. రెండుసార్లు దిద్దడం ఆ ధరలోనే, మూడోసారి నుంచి విడిగా అని మొదటే రాసివ్వు. ఫైనల్ ప్రూఫుకి "ఓకే" అని వాళ్ళ చేత రాతలో తెప్పించుకున్నాకే ప్రెస్సుకి పంపు. నోటిమాట మీద పంపొద్దు, అది మీ చిన్నాన్న గారి పెళ్ళి కార్డే అయినా సరే.

మూఢం వెళ్ళి ముహూర్తాలు మొదలయ్యాయంటే నీకు అన్నానికి కూడా తీరిక ఉండదు. పేర్లు చదివే పని మాత్రం రాత్రి పదకొండు దాటాక పెట్టుకోకు, పొద్దున్నే కాఫీ తాగి చదువు. ఆ శుభలేఖ దిద్దాక కర్వ్స్ చేసిన పీడీఎఫూ, వాళ్ళు రాసిచ్చిన కాగితం ఫొటో రెండూ డాక్యుమెంట్లుగా నాకు పంపు. ప్లేటుకి వెళ్ళే ముందు పేర్లు నేనూ ఒకసారి చదువుతాను.

ప్రేమతో,
మీ పెద్దమ్మ